పొడగరికి తగిన సైకిలు



నేను ముప్పదియైదు సంవత్సరములు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. సంధులును సమాసములును చెప్పుకొనవలసిన యీ ముసలి పంతులు సైకిళ్ళను గూర్చి ప్రసంగింపబూనుట యేమని మీలో కొందఱకు నవ్వు రావచ్చును. నవ్వినను తప్పులేదు. ఈ ప్రసంగము ఒక నవ్వునుండియే పుట్టినది. ఆ నవ్వు నాదే. దానివలన ఒక బాలుని మనసు నొచ్చెను. ఆ ఋణము కొంతవఱకైనను తీర్చుకొనవలెనని నేడు మీ యెదుటికి వచ్చితిని.

1994వ సంవత్సరమున నేనొక పల్లెటూరి పాఠశాలలో పదవ తరగతికి పాఠము చెప్పుచుంటిని. అందొక విద్యార్థి పదునాఱేండ్లకే ఆఱడుగుల మూడంగుళములు ఎదిగెను. ఏడు కిలోమీటర్ల దూరమునుండి తన తండ్రి వాడిన పాత సైకిలుపై వచ్చుచుండెను. తొక్కునపుడు వాని మోకాళ్ళు హ్యాండిలునకు తగులుచుండెను. అందుచేత వాడు రెండు కాళ్ళను ప్రక్కలకు చాచి, మిడుతవలె తొక్కుచుండెను. ఒకనాడు ఆలస్యముగా వచ్చి గుమ్మముకడ నిలిచి, “మోకాళ్ళు నొప్పిగా నున్నవండీ, మాస్టారూ” అనెను.

“తాడిచెట్టంత యెదిగితివి. బుద్ధి మోకాలిలో నుండబట్టి అక్కడ నొచ్చుచున్నదేమోరా” అంటిని.

తరగతియంతయు గొల్లుమనెను. నాటినుండి వానికి ‘తాడిచెట్టు’ అనునదే పేరయ్యెను. కొలది దినములకు వాడు సైకిలు మాని నడచి రాసాగెను. సంక్రాంతి సెలవులు గడచిన పిమ్మట బడికే రాలేదు. నేను వాని యింటికి పోయి విచారింపగా, తండ్రి, “వానికి మోకాళ్ళ వాతమండి, పంతులుగారూ. అంత దూరము నడువలేడు. ఇక చదువేమి లెండి” అనెను. పదునాఱేండ్ల పిల్లవానికి వాతమా యని నాకు తోచలేదు. నేనును నిజమే యనుకొంటిని.

తిరిగి వచ్చుచు, నా బండికి గాలి కొట్టించుకొనుటకు ఊరి సైకిలు షాపుకడ ఆగితిని. ఆ మేస్త్రీ ఆ పిల్లవాని నెఱుగును. నా మాట విని, “అది వాతమూ కాదు, పైత్యమూ కాదు పంతులుగారూ. బండి వానికి చాలదు” అనెను. అతడు నాలుగవ తరగతి దాటి చదివినవాడు కాడు. నేను భాషాప్రవీణుడను. అయినను ఆ దినమున అతడు గురువు, నేను శిష్యుడను.

చాలదనగా నేమి? చొక్కా కుట్టించుకొనునపుడు దర్జీ మన యొడలు కొలుచును. చెప్పులు కొనునపుడు పాదము పెట్టి చూచుకొందుము. కాడిని ఎద్దుల మెడలకు తగినట్లు చేయింతుము. మన పూర్వులీ విషయమున మిక్కిలి జాగరూకులు. శుల్బసూత్రములందు ‘పురుష’ మను కొలత యొకటి కలదు. అగ్నిచయనమునకు వేదిని కొలుచునపుడు, యజమానుడు చేతులు పైకెత్తి నిలిచిన యెత్తునకు సమానమైన వెదురును కొలబద్దగా గైకొనుచుండిరి. యజ్ఞము చేయువాని దేహమే యజ్ఞభూమికి ప్రమాణమన్నమాట. అట్టి మనము సైకిలు కొనునపుడు మాత్రము దుకాణములో నున్నదానిని తెచ్చుకొని, దేహమునే దానికి తగినట్లు వంచుకొనుచున్నాము.

మొదట సైకిళ్ళు ఇట్లుండలేదు. 1870 ప్రాంతములనుండి ఇంగ్లండు మొదలగు దేశములలో ముందు చక్రము పెద్దదియు వెనుక చక్రము చిన్నదియు నగు బండ్లు వాడుకలోనికి వచ్చెను. వానికి చైను లేదు. పెడళ్ళు ముందు చక్రపు ఇరుసునకే బిగింపబడి యుండెను. కావున చక్రమెంత పెద్దదైన ఒక్క తొక్కుడునకు బండి యంత దూరము పోవును. 50 అంగుళముల చక్రము ఒక్కసారి తిరిగిన 13 అడుగులు సాగును. 60 అంగుళముల చక్రమైన 15 అడుగులు మించి సాగును. అయితే కాలు అందినంతవఱకే చక్రమును పెంచవచ్చును గనుక ప్రతి మనిషియు తన కాలి పొడవును బట్టి బండి నెన్నుకొనవలసి యుండెను. ఆ కాలమున పొడగరికే లాభము.

1885లో జాన్ కెంప్ స్టార్లీ యనునతడు ‘రోవర్’ అను బండిని వెలువరించెను. దానికి రెండు చక్రములును ఇంచుమించు సమానములు. చైను వెనుక చక్రమును త్రిప్పును. 1888లో డన్‌లప్ గాలి టైరునకు పేటెంటు పొందెను. ఈ మార్పులవలన సైకిలు సురక్షితమై, మెత్తనై లోకమంతటను వ్యాపించెను. కాని చక్రమునకును కాలి పొడవునకును గల సంబంధము తెగిపోయెను. రెండు మూడు కొలతలలో చట్రములు చేసిన చాలునను పద్ధతి యేర్పడెను. మన దేశమున మీరును నేనును తొక్కిన నల్లని పెద్ద సైకిళ్ళలో చట్రము సాధారణముగా 22 అంగుళములు. దానికంటె పెద్దది 24 అంగుళములది. అది యొకటి యున్నదని కూడ చాలమందికి తెలియదు.

ఇక కొలుచుకొను విధము చెప్పెదను. పొడగరి చెప్పులు విడిచి గోడకు వీపు ఆనించి నిలువవలెను. ఒక గట్టి యట్ట పుస్తకమును రెండు తొడల నడుమ నుంచి, సీటుపై కూర్చున్నట్లే పైకి గట్టిగా నొక్కవలెను. పుస్తకపు పై యంచునుండి నేలవఱకు గల కొలతయే కాలి పొడవు. దీనిని 0.88చే హెచ్చింపుడు. వచ్చిన లబ్ధము, పెడళ్ళు తిరుగు ఇరుసు నడిమినుండి సీటు పైభాగమువఱకు ఉండవలసిన యెత్తు. ఇది ఉజ్జాయింపు లెక్కయే. దీనిని సరిచూచుకొనుటకు, సీటుపై కూర్చుండి మడమను పెడలుపై నుంచి అడుగునకు త్రొక్కవలెను. అపుడు కాలు నిటారుగా చాగవలెను. పిమ్మట మునివ్రేళ్ళ మొదటి భాగమును పెడలుపై నుంచినచో మోకాలు కొంచెము వంగియుండును. అదియే తగిన యెత్తు. సీటు మిక్కిలి క్రిందుగా నున్నచో మోకాలు అతిగా మడిగి ముందువైపున నొప్పి పుట్టును. మిక్కిలి పైకున్నచో నడుము ఇటునటు ఊగి, మోకాలి వెనుక లాగును.

ఆ పిల్లవాని కాలు మేమిట్లు కొలువగా 94 సెంటీమీటర్లు తేలెను. 0.88చే హెచ్చింప సుమారు 83 సెంటీమీటర్లు. వాని బండి చట్రము 22 అంగుళములు, అనగా 56 సెంటీమీటర్లు. స్ప్రింగుల సీటు దాదాపు 10 సెంటీమీటర్లు. మిగిలిన 17 సెంటీమీటర్లు సీటు క్రింది గొట్టము పైకి కనబడవలెను. ఇంకొక 7 సెంటీమీటర్లు చట్రములోపల దిగియుండవలెను. అనగా 24 సెంటీమీటర్ల గొట్టము కావలెను. వానికున్నది 18 మాత్రమే! తండ్రి పొట్టివాడు గనుక అదియు చాలవఱకు లోపలికే దింపియుండెను. పిల్లవాడు సంవత్సరము పొడవునను గొంతుకూర్చున్నవానివలె ఏడు కిలోమీటర్లు వచ్చి, ఏడు కిలోమీటర్లు పోయెనన్నమాట. నేనేమో వాని బుద్ధిని గూర్చి చమత్కరించితిని!

ఇచ్చట ఒక హెచ్చరిక. గొట్టము చాలలేదని దానిని అంచువఱకు పైకి లాగి బిగించుట ప్రాణాపాయము. కనీసము రెండున్నర అంగుళములు లోపల దిగియుండవలెను. కొన్నిటిపై ఆ హద్దు గీత కూడ చెక్కియుండును. లేనిచో గొట్టము వంగుటయో, చట్రమే చీలుటయో జరుగును. హ్యాండిలు గొట్టమునకును ఇదే నియమము. వేఱొక ఇనుప గొట్టమును ముక్కగా అతికి పొడిగింపవచ్చునని కొందఱు సలహా చెప్పుదురు. మాకును చెప్పిరి. మేస్త్రీ ఒప్పుకొనలేదు. అతుకు విఱిగిన దినమున కూర్చున్నవాని గతి యేమని అడిగెను.

పిమ్మట అతడు పట్టణమున ఒక పాత 24 అంగుళముల చట్రమును సంపాదించెను. దానికి 83లో 61యు, సీటునకు 10యు పోగా 12 సెంటీమీటర్లు మాత్రమే పైకి కనబడవలెను. ఎనిమిదంగుళముల గొట్టము సరిపోయెను. పెద్ద చట్రము నిడివిలోను కొంత పెద్దది. హ్యాండిలును కూడ హద్దు మీఱకుండ ఎత్తగా మోకాళ్ళు దానికి తగులుట మానెను. పాత చక్రములనే దీనికి తగిలించితిమి.

చక్రముల మాట వచ్చినది గనుక ఇంకొకటి చెప్పవలెను. నేటి దుకాణములలో సైకిలును చక్రపు కొలతతో పిలుచుచున్నారు. ఇరువదియాఱనియు, ఇరువదితొమ్మిదనియు చెప్పుదురు. పొడగరులు ఇరువదితొమ్మిది యనగానే తమకు సరిపోవునని కొనుచున్నారు. చక్రము వేఱు, చట్రము వేఱు. ఒకే చక్రమునకు చిన్న చట్రమును ఉండును, పెద్ద చట్రమును ఉండును. మన పాత 28 అంగుళముల నల్ల సైకిలు రిమ్ము, టైరు కూర్చుండు చోట 635 మిల్లీమీటర్ల అడ్డుకొలత గలది. నేటి ఇరువదితొమ్మిదికి 622 మాత్రమే. దాని టైరు లావగుటచేత పెద్దదిగా కనబడును. కావున అడుగవలసినది చట్రపు కొలత. దానిని అంగుళములలోనో, సెంటీమీటర్లలోనో, లేక మీడియం, లార్జి, ఎక్స్‌ట్రా లార్జి అను గుర్తులతోనో చెప్పుదురు. ఒక సంస్థ లార్జి మఱియొక సంస్థ లార్జితో సమానము కాకపోవచ్చును. కూర్చుండి, మడమ పెట్టి చూచిన పిమ్మటనే డబ్బు చెల్లింపుడు.

పెడలును మోయు క్రాంకు సాధారణముగా 165 లేక 170 మిల్లీమీటర్లుండును. మిక్కిలి పొడుగు కాళ్ళకు 175, 180 కూడ దొరకును. అట్టిది వేయించినచో ఎంత పెరిగెనో అంత సీటును దింపవలెను. మలుపులలో పెడలు నేలకు తగులకుండ చూచుకొనవలెను. పొడగరి సాధారణముగా బరువును ఎక్కువగా నుండును. ఆ బరువులో అధికభాగము వెనుక చక్రముపై పడును. ఇంగ్లీషు పద్ధతినే మన పాత బండ్లకు ముందు 32, వెనుక 40 పుల్లలు వేయుట అందుకొఱకే. నెలకొకసారి పుల్లలను చేతితో పట్టి చూచి, వదులైనవానిని బిగింపించుకొనవలెను. తలకు పెట్టుకొను హెల్మెటును మాత్రము ఒడలి పొడవును బట్టి కొనరాదు. కనుబొమలకు రెండు వ్రేళ్ళ పైన తల చుట్టుకొలత తీసి కొనవలెను. ఎంతటి పొడగరికైనను తల చిన్నదై యుండవచ్చును.

నెదర్లాండ్సు దేశమున యువకుల సగటు ఎత్తు సుమారు 183 సెంటీమీటర్లు. లోకమున మిక్కిలి పొడవైన జనులలో వారొకరు. వారి సంప్రదాయపు సైకిళ్ళ చక్రములు మన పాత సైకిళ్ళ చక్రముల కొలతవే. కాని చట్రములు 61, 65 సెంటీమీటర్లును అంతకు మించియు దొరకును. మిక్కిలి పెద్ద చట్రములు మెలి తిరుగకుండుటకై కొన్నిటికి రెండు అడ్డుకడ్డీలు వేయుదురు. మన పాలవారు బరువులు మోయుటకు కొను రెండు కడ్డీల బండ్లవంటివే. వారి దేశమున పొడగరి వింత మనిషి కాడు. అతనికి తగిన బండి దుకాణములో నుండును, అంతియే భేదము.

ఆ పిల్లవాని సంగతి ముగించి సెలవు తీసికొందును. బండి సిద్ధమైన దినమున నేనే నడిపించుకొని వాని యింటికి పోయితిని. “నాటి మాట నేననరాదురా, నాయనా. తప్పు నీ మోకాలిది కాదు, బండిది. అంతకంటె నాది” అంటిని. వాడు తల వంచుకొని మాటాడలేదు. మఱునాడు బడికి వచ్చెను. నెల దినములలో నొప్పి తగ్గెను. ఆ యేడు పరీక్ష తప్పినను మఱుసటి యేడు గట్టెక్కెను. నేడు గ్రామీణ తపాలా శాఖలో పనిచేయుచు, నాలుగూళ్ళకు సైకిలుపై ఉత్తరములు పంచుచున్నాడు. కాని నన్ను చూచినపుడు ఇప్పటికిని కొంచెము వంగియే నిలుచును. ఆ వంపు బండివలన వచ్చినది కాదని నే నెఱుగుదును. దానిని సరిచేయుటకు ఏ మేస్త్రీయు లేడు.

కావున గ్రామపెద్దలకు నా మనవి యిది. మీ మనుమడో మనుమరాలో ఒక్క యేటిలో జానెడు ఎదిగినచో దిష్టి తీయుడు, సంతోషింపుడు. పిమ్మట సైకిలు సీటును కొలువుడు. ఆఱు నెలలకొకసారి మరల కొలువుడు. బండి సరిచేసినను నొప్పి తగ్గనిచో వైద్యునకు చూపింపుడు. పరిహాసపు పేరు మాత్రము పెట్టకుడు. ఎవరైన పెట్టినచో వారింపుడు. గొట్టము పొట్టిదైన మార్చుకొనవచ్చును. పదిమందిలో అన్న మాట మరల మనచేతికి రాదు.