గోడలకు ముందు మనుష్యులు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



తిరునెల్వేలి సీమలో జన్మించిన వేదనాయగం సామ్యూల్ అజరయ్యగారు 1909లో దోర్నకల్ చేరి, తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్ అయిరి. వారి ప్రణాళికలో ముందున్నది గుడి కాదు, పల్లె. పల్లెకు ఉపాధ్యాయుని సిద్ధపరచుట, అతని భార్యకును శిక్షణ ఇప్పించుట, ప్రతి వంటకును తల్లులు పిడికెడు బియ్యము సంఘమునకై తీసి యుంచుట: ఇవియే ఆ ప్రణాళికకు పునాదులు. దోర్నకల్ మహాదేవాలయ ప్రతిష్ఠ 1939లో గాని జరుగలేదు. 1945 జనవరి 1న ఆయన గతించిరి. 1947లో ఆ సంఘము దక్షిణ ఇండియా సంఘమున చేరినది. పనివారు సిద్ధముగా నుండుటచే పని ఆగలేదు.

1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి మన బిడ్డలు హైటెక్ సిటీ కొలువులకు పోవుచున్నారు. గుడికైనను, గ్రంథాలయమునకైనను ఇదియే పరీక్ష. కొత్త గది కట్టుదమా యని కొందరు అడుగుచున్నారు. ముందు మన చేతి తాళపుచెవి అందుకొనువారిని తయారుచేయుదము. పండుగకు వచ్చిన ప్రతి బిడ్డయు ఒక్క సాయంకాలము ఇక్కడి పిల్లలతో కూర్చుండి చదివించవలెను. అదియే మన పిడికెడు బియ్యము.