స్నేహితులు పోసే గ్లాసు



తాగుడు వలన జబ్బుపడిన కుర్రవాళ్ళను తీసుకువచ్చే తల్లులు చాలామంది ఒకే మాట అంటారు. "మా వాడు బంగారమండీ, స్నేహితులే చెడగొట్టారు." అందులో సగం నిజముంది.

మొదటి గ్లాసును ఒంటరిగా కొనుక్కుని తాగేవాడు అరుదు. హాస్టలులో పుట్టినరోజు, మొదటి జీతం, స్నేహితుని పెళ్ళికి ముందు రాత్రి, ఇలాంటి చోట్ల మొదలవుతుంది. గొంతు మండుతుంది, అయినా మింగుతాడు. అందరికీ ఇష్టమే, నాకొక్కడికే భయం అనుకుంటాడు. పక్కవాడూ లోపల అదే అనుకుంటూ ఉండవచ్చు! ఆ తరువాత వంతులు వస్తాయి. నిన్న వాడు ఇప్పించాడు కనుక ఈ రోజు నేను ఇప్పించాలి. అందరిలో వేగంగా తాగేవాడితో సమానంగా మిగిలినవారూ తాగుతారు. కాలేయం మాత్రం తన వేగం మార్చుకోదు. గంటకు సుమారు ఒక చిన్న పెగ్గు, అంటే 30 మిల్లీలీటర్ల విస్కీలో ఉండే ఆల్కహాలునే అది వదిలించగలదు.

"బీరే కదరా" అంటారు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా తాగితే నాలుగు చిన్న పెగ్గులు తాగినట్టే. "ఎంత తాగినా మావాడు తూలడు" అన్నది ఇంకొక పొగడ్త. శరీరం మత్తుకు అలవాటుపడిందనడానికి అది గుర్తు. అప్పుడే భయపడాలి.

ఇక మిగిలిన సగం. పెళ్ళిలో బావగారికి మర్యాద తక్కువైందంటారని సీసాలు తెప్పించేది మనమే కదా?

రోజూ ఎక్కువగా తాగేవాడిని గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించకండి. వణుకు, చెమటలు మొదలై 6 నుండి 48 గంటలలోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆసుపత్రిలో మందులిచ్చి మాన్పించడమే క్షేమం. తెలియకుండా కూరలో మాత్రలు కలపడం కూడా ప్రమాదం.

ఇంటికి వెళ్ళాక స్నేహితులందరినీ తిట్టి తరిమేయకండి. ఒంటరితనం భరించలేక మళ్ళీ వాళ్ళ దగ్గరికే పోతాడు. వార్డుకు చూడడానికి వచ్చేవారిలో తాగనివాడు ఒకడైనా ఉంటాడేమో గమనించండి. వరండాలోకి పిలిచి, "బాబూ, సాయంత్రం ఆరు నుండి తొమ్మిది దాకా వీడికి తోడుగా ఉండు, జీతం రోజున మరీను" అని అడగండి. వాలీబాల్ అయినా సరే, గుడిలో యవ్వనస్థుల కూడిక అయినా సరే. ఎవరైనా పిలిస్తే "డాక్టరు గారు వద్దన్నారు" అని ఒక్క ముక్క చెప్పమనండి. సంజాయిషీలు మొదలుపెడితే వాదనలో ఓడిపోతాడు.

తాగుడు మాన్పించడానికీ స్నేహమే పనికివస్తుంది. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో తాగుడుకు బానిసలైన ఒక షేర్ల వ్యాపారి, ఒక వైద్యుడు ఒకరికొకరు తోడై మానుకున్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. అక్కడ రుసుము లేదు, పూర్తి పేరు చెప్పనక్కరలేదు, కులమతాలు అడగరు. కుటుంబసభ్యుల కొరకు ఆల్-అనాన్ వేరుగా ఉంది. మీకు దగ్గరలో కూటము ఎక్కడ జరుగుతుందో డిశ్చార్జి కాకముందే వార్డు సిస్టరు గారిని అడగండి.