కిలోమీటర్ల లెక్క, గంటల లెక్క

(విశ్వకర్మ జయంతి నాడు బొబ్బిలిలో మెకానిక్కులు, లారీ యజమానుల సమావేశంలో చేసిన ఉపన్యాసం)



మన ఊరి కుర్రాడొకడు తన కారును మద్రాసు రేసు ట్రాక్ మీద ఒకరోజు తిప్పుకొచ్చాడు. "మాస్టారూ, ఆయిల్ ఎప్పుడు మార్చమంటారు? సర్వీసు బుక్కులో పదివేల కిలోమీటర్లని ఉంది. నేను ట్రాక్ మీద తిప్పింది రెండొందలు కూడా లేదు" అన్నాడు. ఇవాళ ఆ ప్రశ్నకే జవాబు చెబుతాను. రేసు కారుతో మనకేం పని అనుకోకండి. సాలూరు ఘాటీ ఎక్కే లారీదీ అదే ప్రశ్న.

ముందు ట్రాక్ లెక్క చూద్దాం. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ఆ ట్రాక్ 1990లో మొదలైంది. చుట్టు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. మామూలు కారుకు ఒక్కో చుట్టుకి రెండు నిమిషాల పైన పడుతుంది. ఇరవై నిమిషాలు తిప్పితే ఎనిమిదో తొమ్మిదో చుట్లు, అంటే ముప్పై కిలోమీటర్ల పైమాట. రోజుకు ఐదుసార్లు దిగినా మీటరు మీద పెరిగేది నూట అరవై. బొబ్బిలి నుంచి విశాఖ వెళ్లి రావడానికి అంతకంటే ఎక్కువే అవుతుంది.

కానీ విశాఖ ప్రయాణంలో ఇంజను రెండు వేలు, రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర హాయిగా తిరుగుతుంది. ఆయిల్ వేడి 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది. ట్రాక్ మీద యాక్సిలరేటరు చాలాసేపు అడుగంటా తొక్కే ఉంటుంది, ఆర్‌పీఎం ఎక్కువసేపు ఐదారు వేల దగ్గరే ఉంటుంది. ఆయిల్ 120, 130 డిగ్రీలకు చేరుతుంది, కూలర్ లేని కార్లలో కొన్ని 140 కూడా చూస్తాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయిల్ ఆక్సిజన్‌తో కలిసి పాడయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. 100 నుంచి 130కి పోతే మూడుసార్లు రెట్టింపు, అంటే ఎనిమిది రెట్లు. ఆ వేడిలో ఒక గంట, మామూలు రోడ్డు మీద ఎనిమిది గంటలకు సమానం. ఈ ముచ్చట కిలోమీటర్ల మీటరుకు తెలియదు.

వేడి ఒక్కటే కాదు. 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 లాంటి ఆయిళ్లు వేడిలో మరీ పల్చబడకుండా వాటిలో పొడవాటి పాలిమర్ గొలుసులు కలుపుతారు. బేరింగుల మధ్య, గేర్ల మధ్య నలిగి అవి తెగిపోతాయి. తెగిన కొద్దీ 40 గ్రేడు ఆయిల్ 30 గ్రేడులాగా పనిచేస్తుంది. రెండో సంగతి, పూర్తిగా తొక్కినప్పుడు ఇంజనుకు పెట్రోలు దండిగా పోతుంది. కాలని పెట్రోలు పిస్టను రింగుల పక్కనుంచి, ఇంజను అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి జారి ఆయిల్‌ను ఇంకా పల్చన చేస్తుంది. మూడోది, లోహం మీద లోహం రాసుకోకుండా కాపాడే జింకు మందు ఖర్చయిపోతుంది. చిన్న కారు సంపులో ఉండేది మూడు నాలుగు లీటర్లే కాబట్టి ఈ భారమంతా ఆ కాస్త ఆయిల్ మీదే పడుతుంది.

మరి దేనితో కొలవాలి? మన రైతుకు ఇది ఎప్పట్నుంచో తెలుసు. ట్రాక్టరు ఆయిల్‌ను ఎవరూ కిలోమీటర్ల లెక్కన మార్చరు. గంటల మీటరు చూసి, కంపెనీ చెప్పినన్ని గంటలకు, చాలా ట్రాక్టర్లకు 250 గంటల దగ్గర మారుస్తారు. దమ్ము చేసే ట్రాక్టరు రోజంతా కష్టపడినా మడి దాటి పోదు మరి! జనరేటరుకూ గంటలే, జేసీబీకీ గంటలే. చిన్న విమానాల్లో వాడే లైకమింగ్ పిస్టన్ ఇంజన్లకు ఫుల్ ఫ్లో ఫిల్టరు ఉంటే 50 గంటలకు, జల్లెడ మాత్రమే ఉంటే 25 గంటలకు మార్చమంటారు. గంటలు పూర్తి కాకపోయినా నాలుగు నెలలు దాటకూడదంటారు. ట్రాక్ మీద కారు కూడా ఈ జాతిదే. దాన్ని గంటల్లోనే లెక్కపెట్టాలి.

ఘాటీ లారీదీ అంతే. సాలూరు దాటి పి.కోనవలస మీదుగా సుంకి వైపు లోడుతో ఎక్కే బండి కింది గేర్లలో, నడక కంటే కొంచెం ఎక్కువ వేగంతో, ఫుల్ లోడు మీద పోతుంది. కిలోమీటర్లు తక్కువ, కష్టం ఎక్కువ. అదే లారీ విజయనగరం నుంచి కలకత్తా రోడ్డెక్కి పోతే కిలోమీటర్లు ఎక్కువ, కష్టం తక్కువ. రెంటికీ ఒకే అంకె పెట్టుకోవడం ఏం న్యాయం?

ఇక మన షెడ్లలో జరిగే పరీక్ష సంగతి. గేజి కడ్డీ తీసి, చుక్క ఆయిల్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, "నల్లగైపోనాది బాబూ, మార్సెయ్యాల" అంటాం. డీజిల్ ఇంజనులో కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని ఎక్కడికక్కడ పేరుకోనివ్వకుండా తనలో కలుపుకుని తిరగడం దాని పని. నల్లబడిందంటే పని చేస్తోందనే అర్థం. ఇక వేలు చూసేది 30 డిగ్రీల ఆయిల్‌ను, బేరింగు చూసేది 130 డిగ్రీల ఆయిల్‌ను. వేళ్ల మధ్య చిక్కగా ఉన్నది అక్కడ నీళ్లలా ఉండొచ్చు. కాఫీ రంగు, నురగ కనిపిస్తే మాత్రం నీళ్లు కలిశాయని కంటితోనే చెప్పొచ్చు. అప్పుడు ఆయిల్ మార్చడం కాదు, హెడ్ గ్యాస్కెట్ చూడాలి.

వేలి కంటే మంచి పరీక్ష ఒకటి దాదాపు ఖర్చు లేకుండా చేయొచ్చు. ఇంజను వేడి మీద ఉండగా గేజి కడ్డీ నుంచి ఒక్క చుక్క ఫిల్టరు కాగితం మీద వేసి, కాగితం కింద బల్ల తగలకుండా గ్లాసు అంచుల మీద పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి మచ్చ పరుచుకుని ఉంటుంది. నడుమ నుంచి అంచుకు నలుపు మెల్లగా పలచబడుతూ పోతే మసిని మోసే శక్తి ఇంకా ఉన్నట్టు. మసి అంతా నడుమనే గట్టి నల్లబిళ్లలా ఆగిపోయి, చుట్టూ ఖాళీగా ఉంటే ఆ శక్తి అయిపోయినట్టు. బయట వెడల్పుగా లేత ఉంగరం కనిపిస్తే పెట్రోలో డీజిలో కలిసిందని అనుమానించాలి.

ఇంతకంటే లోతుకు పోవాలంటే ల్యాబ్ ఉంది. 1946లో అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండే రైల్వే వాళ్లు వాడిన ఆయిల్‌లో లోహాలు కొలిచి డీజిల్ ఇంజను జబ్బులు ముందే పట్టారు. మన రైల్వే డీజిల్ షెడ్లూ ఆ పద్ధతి పట్టాయి. ఇనుము పెరిగితే లైనరో రింగులో అరుగుతున్నాయి. సీసం, రాగి పెరిగితే బేరింగులు. సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టరు దుమ్ము వదులుతోంది. రైలింజను సంపులో వందల లీటర్లు పడతాయి కాబట్టి అక్కడ పరీక్ష చవక, ఆయిల్ ఖరీదు. మూడున్నర లీటర్ల కారులో లెక్క తిరగబడుతుంది. అందుకని నేను చెప్పే సూత్రం ఇది: సంపు పెద్దదైతే పరీక్షించి మార్చండి, సంపు చిన్నదైతే అనుమానం వస్తే మార్చేయండి.

ఆ కుర్రాడికి చెప్పింది ఇదే. ట్రాక్ గంటలు విడిగా రాసుకో. పది గంటలు దాటనివ్వకు. అది నా హద్దు, శాసనమేమీ కాదు. ఒకట్రెండుసార్లు తీసిన ఆయిల్‌ను ల్యాబ్‌కు పంపి, నీ ఇంజనుకు తగినట్టు ఆ అంకెను పెంచుకో, లేదా తగ్గించుకో. ఆయిల్ 140 దాటిందా, లెక్క చూడకుండా ఆ వారమే మార్చు. సీజన్ అయిపోయి బండి నెలల తరబడి నిలబడబోతుంటే మార్చాకే నిలబెట్టు. ఆమ్లాలు పట్టిన పాత ఆయిల్‌లో బేరింగులను నానబెట్టకు.

మార్చే తేదీ కంటే ముఖ్యం ఆయిల్ మట్టం. గట్టి మలుపులో ఆయిల్ అంతా సంపులో ఒక పక్కకు ఒరుగుతుంది. మట్టం తక్కువుంటే పంపు గాలి పీలుస్తుంది. ఒక్క సెకను ప్రెషరు పడిపోతే చాలు, నిన్ననే పోసిన ఖరీదైన ఆయిల్ కూడా బేరింగును కాపాడలేదు. ప్రతిసారీ ట్రాక్ ఎక్కేముందు మట్టం పై గీత దగ్గర ఉండాలి, గీత దాటకూడదు. దాటితే క్రాంకు చిలికి నురగ చేస్తుంది.

లారీ వాళ్లూ ఒక మాట వినండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగ ఫిల్టరును కాల్చి శుభ్రం చేయడానికి అదనంగా డీజిల్ చల్లే ఏర్పాటు చాలావాటిలో ఉంది. ఆ డీజిల్ కొంత సంపులోకి దిగవచ్చు. గేజి కడ్డీ మీద ఆయిల్ పెరిగిందని సంబరపడకండి. పెరిగింది ఆయిల్ కాదు.

ఇంజన్లు పోయే కాలం వస్తోంది కదా అంటారేమో. నిజమే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా-ఈ రేసులో ఒక్క కారుకూ ఇంజను ఆయిల్ లేదు. కానీ రేపు పొద్దున్న మీ షెడ్డు ముందు ఆగే బండికి ఉంది.

చివరగా మేస్త్రీలను ఒకటి అడుగుతున్నాను. ఆయిల్ మార్చినప్పుడు కిలోమీటర్లతో పాటు, ఆ బండి ఎక్కడ తిరిగిందో, ఘాటీ ట్రిప్పులెన్నో, తీసిన ఫిల్టరులో ఏం కనిపించిందో పుస్తకంలో రాయండి. ఏడాది తిరిగేసరికి కంపెనీ పుస్తకంలో లేని అంకెలు మీ దగ్గరుంటాయి. బల్ల మీద రెండు పాత ఫిల్టర్లు పెట్టాను. రంపంతో కోయకండి, రంపం పొట్టు అందులో పడి మనల్నే మోసం చేస్తుంది. కట్టరు ఉంది, అయస్కాంతమూ ఉంది. అంటుకుంటే ఇనుము, అంటుకోకుండా మెరిస్తే బేరింగు కావచ్చు. టీ తాగి రండి, కోసి చూద్దాం.