పోగు వయసు ఎట్లా తెలుస్తుంది?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా నాన్న నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. నేను తవ్వకాల చదువు చదివాను. అందుకని ఏ పెళ్ళికి పోయినా నన్ను అడిగేది ఒకటే: "మన నేత ఎన్ని వేల ఏళ్ళది నాయనా?" కరపత్రాల్లో ఎనిమిది వేలు అని వేసేస్తుంటాం. ఆ అంకె ఎక్కడిదో, దాని గతి ఇప్పుడేమయిందో చెప్తాను.

ముందు చిక్కు చెప్పాలి. రాయి మిగులుతుంది, కుండపెంకు మిగులుతుంది, గుడ్డ మిగలదు. తడి, చెద, పురుగు దాన్ని తినేస్తాయి. రాతియుగం అని పేరు పెట్టారంటే ఆనాడు పోగు లేదని కాదు, మనకు దొరికింది రాయి అని.

పోగు మిగిలిందంటే ఏదో లోహానికి అంటుకుని మిగిలిందనుకోండి. బలూచిస్తాన్‌లో మెహర్‌గఢ్ అనే పాత ఊరుంది. ఫ్రెంచివాళ్ళు తవ్వారు. అక్కడ ఒక సమాధిలో రాగిపూసలు దొరికాయి. రాగికి చిలుము పడుతుంది కదా, ఆ చిలుము పూస బెజ్జంలో ఉన్న దారంలోకి ఇంకింది. రాగి ఉన్నచోట కుళ్ళబెట్టే క్రిములు బతకవు. దారం కుళ్ళలేదు, పోగు పోగుగా లోహంలా గట్టిపడింది. పూసను కోసి మైక్రోస్కోపు కింద పెడితే పత్తి అని తేలింది. ఇది 2002లో అచ్చయింది. ఆ సమాధికి అప్పుడు వేసిన కాలం సుమారు క్రీస్తుపూర్వం 6000. మన ఎనిమిది వేలు అక్కడిదే.

అయితే 2025లో ఆ ఊరి సమాధుల్లోని మనుషుల పళ్ళ మీది పింగాణీని తీసి రేడియోకార్బన్ పద్ధతిలో మళ్ళీ లెక్క కట్టారు. మొదటి ఊరు క్రీస్తుపూర్వం 5200 ప్రాంతానికి దిగింది. అంటే మన అంకెలో ఎనిమిది వందల ఏళ్ళు తగ్గినట్టే. ఈ మాట ఒక సభలో చెప్తే ఒక పెద్దాయనకు కోపం వచ్చింది, "మనవాడివై ఉండి తగ్గిస్తావా" అన్నారు. ఏం చేయను, పన్నుల లెక్క అది! పైగా ఆ పత్తి పండించిందా, అడవి చెట్టు నుంచి కోసుకొచ్చిందా అన్నది ఇంకా తేలలేదు.

మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ళకు ఇంకో మాట. అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) దగ్గరి నేవాసాలో డెక్కన్ కాలేజీ తరఫున సంకాలియాగారు తవ్వించినప్పుడు కూడా రాగిపూసల్లో దారం దొరికింది. మీరు బస్సులో దాటిపోయే ఊరే అది.

పత్తి సంగతి పక్కన పెడితే, పోగు అంతకన్నా చాలా పాతది. ఫ్రాన్సులో అబ్రి దు మరాస్ అనే చోట ఒక రాతి పనిముట్టుకు అంటుకుని ఆరు మిల్లీమీటర్ల తాడుముక్క దొరికింది. 41 నుంచి 52 వేల ఏళ్ళ నాటిది. చెట్టు లోపలి బెరడు నారను మూడు పోగులుగా ఒకవైపు పురిపెట్టి, ఆ మూడింటినీ కలిపి ఎదురు పురి వేశారు. నియాండర్తాల్ మనుషుల పని. పురికి ఎదురు పురి వేస్తేనే తాడు విప్పుకోదని ఈ సభలో ఎవరికీ చెప్పక్కర్లేదు. తవ్వకాలవాళ్ళు మాత్రం దాన్ని పుస్తకాల్లో నేర్చుకోవాలి.

అందుకే ఇప్పుడు చేతిపని తెలిసినవాళ్ళను కూర్చోబెట్టి పరీక్షలు చేస్తున్నారు. కదురుకు గుచ్చే మట్టిబిళ్ళలు తవ్వకాల్లో చాలా దొరుకుతాయి. వాటికి నకలు చేయించి, బరువులు మార్చి వడికించి చూస్తారు. తేలిక బిళ్ళయితే సన్ననూలు, బరువు బిళ్ళయితే ముతక. గుడ్డ లేకపోయినా బిళ్ళ బరువును బట్టి నూలు ఊహిస్తున్నారన్నమాట. డెన్మార్కులో కోపెన్‌హాగన్‌వాళ్ళు ఈ పని బాగా చేశారు, అయితే ఎక్కువగా ఉన్నితో, అవిసెనారతో. మన పొట్టిపింజ పత్తికి ఆ లెక్కలు యథాతథంగా సరిపోవు.

అసలు తేలనిది మగ్గం. చరిత్రకు ముందు మన నేల మీద ఏ రకం మగ్గం ఉండేదో ఎవరికీ తెలీదు. కొయ్య చీకిపోయింది. గుంటమగ్గమే అయితే గుంట మిగలాలి. కానీ తవ్వినచోటల్లా గుంటలే, ధాన్యం గుంట, చెత్త గుంట, బూడిద గుంట. అందులో మగ్గం గుంటను పోల్చేదెట్లా? కాళ్ళు ఆడిన అడుగు గట్టిపడుతుందా? కూర్చున్న అంచు అరుగుతుందా? మగ్గం ఎత్తేశాక పదేళ్ళకు ఆ గుంట ఎట్లా ఉంటుంది? పోల్చడానికి ఇళ్ళలో పాడుబడిన గుంటలే ఆధారం. అవి ఏటేటా తగ్గిపోతున్నాయి.

మా ఇంట్లో పవర్‌లూమ్ పెట్టినప్పుడు గుంటలో కంకర పోసి సిమెంటు వేశారు. అప్పటికి నేను కాలేజీలో ఇదే చదువుతున్నాను. సెలవులకొచ్చి తట్టలు నేనే మోశాను. ఎక్కడో రెండువేల మైళ్ళ అవతలి గుంటల కొలతలు కంఠతా పట్టినవాణ్ణి, మా నాన్న నలభై ఏళ్ళు కాళ్ళు పెట్టిన గుంటకు టేపు పెట్టలేదు.

మీ ఇంట్లో ఇంకా గుంట ఉంటే, పూడ్చేముందు పొడవు, వెడల్పు, లోతు రాయండి. ఫోనులో నాలుగు వైపులా ఫొటో తీయండి. ఎవరు నేశారో, ఏం నేశారో, ఏ ఏడాది ఆపారో పక్కన రాయండి. పాత కదురు, అచ్చు, నాడె ఉంటే అమ్మేముందు అట్లాగే చేయండి.

మా గుంట లోతు ఇప్పుడు అమ్మకొక్కదానికే గుర్తుంది. మొన్న అడిగితే లేచి నిలబడి మోకాలికి పైన చెయ్యి పెట్టి చూపించింది. అంతవరకు కొలిచి రాసుకున్నాను.