బడి వంట, సంఘం పొదుపు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



‘సర్కారు పనులు, సంఘాల పాత్ర’ అనే దాని మీద మాట్లాడమని మాకు చెప్పినరు. మా సంఘంలో అందరికంటే ఎక్కువ చదువు పదో తరగతే. మాకు తెలిసిన సర్కారు పని కూడా ఒక్కటే, బడి వంట. అందుకని దాని గురించే చెప్తం. మంచి ఒక్కటే చెప్పి కూర్చుంటే ఈ సంవత్సరం మా సంఘంలో జరిగింది దాచినట్టు అయితది. అది కూడా చెప్తం.

మా సంఘంలో 11 మందిమి. మా ఊరి ప్రాథమిక పాఠశాల వంట ఏజెన్సీ మా సంఘం పేరు మీద ఉన్నది. పిల్లలు 41 మంది. 26 నుంచి 100 మంది దాకా ఇద్దరు వంటవాళ్లు అని నిబంధన, కాబట్టి మా సభ్యులు ఇద్దరు వండుతరు. మిగతా వాళ్లం సరుకులు తెచ్చుడు, లెక్క రాసుడు, బిల్లు పెట్టుడు చూసుకుంటం.

ఏజెన్సీ అంటే ఏందో అనుకోకండి. రోడ్డు కాంట్రాక్టు ఎట్లనో ఇది కూడా అట్లనే. పిల్లలకు అన్నం పెట్టుడు సర్కారు బాధ్యత. ఆ పని మన చేత చేయించుకొని, తిన్న పిల్లకు ఇంత అని లెక్క కట్టి డబ్బులు ఇస్తది. అయితే రోడ్డు పని ఒక నెల ఆగితే కంకర కుప్ప అక్కడనే పడి ఉంటది. బడిలో మధ్యాహ్నం గంట కొట్టంగనే పిల్లలు పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడతరు. బిల్లు వచ్చిందా రాలేదా అని వాళ్లు అడగరు.

ఈ పని సంఘాల చేతికి ఎట్ల వచ్చిందో కొత్త సభ్యులకు తెల్వదు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. అప్పటికే ఊరూరా డ్వాక్రా సంఘాలు ఉండె, అందుకని వంట మనకు ఇచ్చినరు. 2004లో అదే కేసులో కోర్టు ఇంకో రెండు మాటలు చెప్పింది. బడి వంటవాళ్లను పెట్టుకునేటప్పుడు దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది. అంగన్‌వాడీల పౌష్టికాహారం సరఫరాకు కాంట్రాక్టర్లను పెట్టొద్దు, వీలైనంత వరకు గ్రామ సంఘాలు, స్వయం సహాయక సంఘాలు, మహిళా మండళ్ల ద్వారానే చేయించాలన్నది.

మొదటి మాట రాసినంత సులువుగా ఊర్లె నడవలే. మా దగ్గర వండే ఇద్దరిలో ఒకరు దళిత ఇంటి మనిషి. మొదట్లో నాలుగు ఇండ్ల పిల్లలు మధ్యాహ్నం ఇంటికి పోయి తినేది. ఎందుకో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మేము ఎవరితోనూ కొట్లాడలే. గుడ్డు పెట్టే రోజున వాళ్లలో ఒక పిల్లగాడు ఇంటికి పోకుండా తిరిగి తిరిగి వంటగది కాడికే వచ్చిండు. పళ్లెం ఇచ్చినం, తిన్నడు. తర్వాత వారం వాళ్ల చెల్లె కూడా కూర్చున్నది. ఇప్పుడు ఆ నాలుగు ఇండ్ల పిల్లలు అందరితోని కలిసే తింటున్నరు. పెద్దోళ్ల సంగతి పెద్దోళ్లదే.

ఇంక పైసల లెక్క. 2025 మే 1 నుంచి ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లకు రోజుకు 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిదికి 10 రూపాయల 17 పైసలు అని కేంద్రం రేటు పెట్టింది. చిన్న పిల్లకు 100 గ్రాముల బియ్యం సర్కారే ఇస్తది. 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె, ఉప్పు, కారం, చింతపండు, పోపు, గ్యాసు అన్నీ ఆ 6 రూపాయల 78 పైసలల్లనే. 41 మందికి రోజుకు 277 రూపాయల 98 పైసలు. ఒళ్లు దగ్గర పెట్టుకొని వండితే సరిపోతది.

మా పక్క తండాలో బడి పిల్లలు 19 మంది. వాళ్ల సంఘానికి రోజుకు 128 రూపాయల 82 పైసలు. పప్పు, కూరగాయలు, నూనె మేము కొనే ధరకు లెక్క కట్టి చూస్తే 100 రూపాయలు దాటుతున్నది. మిగిలిన 27 రూపాయలల్ల గ్యాసు, ఉప్పు, కారం, చింతపండు ఎల్లాలె. 19 మందికి పప్పు ఉడికినా, 41 మందికి ఉడికినా పొయ్యి వెలిగించుడు ఒక్కటే. అందుకే ఆ చెల్లెళ్లు మళ్ల కట్టెల పొయ్యికి పోయినరు. తలకాయ లెక్కన రేటు పెట్టినోళ్లకు చిన్న బడి కష్టం కనబడలే.

వారానికి మూడు గుడ్లు. 41 మందికి 123, అంటే నాలుగు ట్రేలు, మీద మూడు గుడ్లు. గుడ్డుకు రేటు వేరే ఉంటది గని, చలికాలం బజారుల గుడ్డు ధర పెరిగితే మన రేటు పెరగదు.

ఈ సంవత్సరం మాకు నాలుగు నెలలు బిల్లు రాలే. ఏ ఆఫీసుల ఆగింది, ఎవరి బల్ల మీద ఆగింది అన్నది ఇప్పుడు వద్దు. వంట ఖర్చు, గుడ్లు కలిపి సుమారు 37 వేలు మేము పెట్టినం. వండే ఇద్దరి గౌరవ వేతనం నెలకు 3 వేల చొప్పున రావాల్సింది దీనికి వేరే. కిరాణా సేటు 14 వేల దాకా ఉద్దెర ఇచ్చి, ఇంక ఇయ్యనన్నడు. తక్కువ ధర విడి నూనె ఉన్నది, అది వాడుకోండి అన్నడు. వద్దన్నం. 2013 జులైలో బీహారులో ఒక బడిల పురుగుల మందు కలిసిన నూనెతో వండిన అన్నం తిని 23 మంది పిల్లలు చనిపోయిన సంగతి మాకు శిక్షణలో చెప్పినరు. సీలు ఉన్న ప్యాకెట్టు తప్ప కొనొద్దని ఆ రోజే అనుకున్నం.

మరి మిగతా 23 వేలు ఎక్కడివి? సంఘం పొదుపువి. ఇక్కడనే మేము తప్పు చేసినం. తీర్మానం రాయలే. వచ్చే వారం బిల్లు పడతది, తిరిగి కట్టేద్దాం అనుకుంట ఒకసారి 3 వేలు, ఒకసారి 5 వేలు తీసినం. రెండు పుస్తకాలు ఒక్కటి చేసినం.

అట్లున్నప్పుడు మా సభ్యురాలు ఒకరి కోడలికి కాన్పు కష్టమయింది. రాత్రి 9 గంటలకు 20 వేలు కావాలని వచ్చింది. సంఘంలో ఉన్నది 1,800. ఆమె పన్నెండు సంవత్సరాల నుంచి ఒక్క కంతు తప్పని మనిషి. ఆ రాత్రి బయట నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చుకున్నది. తల్లీబిడ్డా బాగానే ఉన్నరు. తర్వాతి మీటింగులో ఆమె లేచి ఒక్కటే అడిగింది. “పొదుపు నేను చేసింది. గుడ్లు ఊరి పిల్లలు తిన్నరు, తినని, నాకు కడుపుమంట లేదు. నా ఇంట్ల పుట్టబోయేది పిల్ల కాదా?”

ఎవరం నోరు తెరవలే.

ఆ మీటింగు రెండు గంటలు నడిచింది. ఏజెన్సీ వదిలేద్దామని ఐదుగురు అన్నరు. వండే ఇద్దరు, మా బతుకు ఏం కావాలె అన్నరు. ఒకామె, హాజరు పది మందిని ఎక్కువ రాస్తే నష్టం పూడుతది, చాలా చోట్ల రాస్తరు అన్నది. దాని మీద మాత్రం అందరం ఒక్క మాట మీద నిలబడ్డం. పది మందిని ఎక్కువ రాస్తే రోజుకు కిలో బియ్యం స్టాకులో మిగిలి కనబడతది, నెల తిరిగేసరికి సంచి బయటపడతది. అప్పుడు దొంగ అనే పేరు సంఘానికి వస్తది, బిల్లు ఆపినోళ్లకు రాదు. అసలు సంగతి, అట్ల రాసినంక మన బాకీ మనం గట్టిగా అడగలేం.

వదలొద్దనే చివరికి తీర్మానం అయింది. ఎందుకు వదలొద్దో కూడా చెప్పాలె. మనం వదిలితే ఆ పని ఆగదు, ఇంకొకరికి పోతది. మహారాష్ట్రలో అంగన్‌వాడీ ఆహారానికి టెండరు పెట్టినప్పుడు మహిళా సంఘాలు అందుకోలేని షరతులు పెట్టినరు. అక్కడి సంఘాల ఆడవాళ్లు సుప్రీంకోర్టు దాకా పోయినరు. 2019లో కోర్టు ఆ టెండరు రద్దు చేసింది. చేతిల ఉన్న పని పోయినంక మళ్ల తెచ్చుకోవాలంటే అంత దూరం నడవాలె.

ఆ తర్వాత వంటకు వేరే పాసుబుక్కు తీసినం. పొదుపు డబ్బు ముట్టాలంటే 11 మంది సంతకం ఉండాలె. బిల్లు ఇచ్చిన రోజు నకలు మీద తారీఖు వేయించుకొని సంతకం తీసుకుంటున్నం. ముందు ఇది చెయ్యక, ‘మీరు బిల్లు ఎప్పుడు ఇచ్చినరు?’ అని అడిగితే మా దగ్గర జవాబు లేకుండె.

ఇంకొక సంగతి మాకు హెడ్‌మాస్టర్ సారు దగ్గర నియమాల పుస్తకం చదివినప్పుడు తెలిసింది. ఇది రాసుకోండి అక్కా. మధ్యాహ్న భోజన నియమాలు 2015 సెప్టెంబరులో వచ్చినయి. వంట డబ్బులు తాత్కాలికంగా లేకపోతే, భోజనం ఆగకుండా బడిలో ఉన్న వేరే నిధి వాడొచ్చు, వంట డబ్బులు రాంగనే ఆ నిధికి తిరిగి జమ చెయ్యాలె అని దాంట్ల ఉన్నది. సారుకు కూడా ఆ సంగతి కొత్తనే. 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి మన గ్రామ సంఘం అధ్యక్షురాలే చైర్‌పర్సన్ గదా, ఆ అక్క కమిటీ పిలిచి తీర్మానం చేయించింది. 9 వేలు ఇచ్చినరు. పూర్తిగా తీరలే గని, సేటు మళ్ల సామాను ఇచ్చిండు. సంవత్సరాల తరబడి వండుతున్నం, ఇది మాకు ఎవరూ చెప్పలే. మేము కూడా అడగలే.

బిల్లు ఆఖరుకు పడ్డది. పొదుపు 23 వేలు తిరిగి కట్టినం. కాన్పుకు అప్పు తెచ్చిన మా అక్క నాలుగు నెలలు కట్టిన మిత్తి 2,400 సంఘం ఉమ్మడి నిధి నుంచి ఇయ్యాలని అనుకున్నం. ఇద్దరు ఒప్పుకోలే, రేపు అందరూ అడుగుతరు అన్నరు. వాళ్ల మాటలో తప్పు లేదు. అయినా ఇచ్చినం, వాళ్లిద్దరి అభ్యంతరం కూడా తీర్మానాల పుస్తకంలో రాసినం.

ఇప్పుడు సమాఖ్యకు మా విన్నపం. ఈ మండలంలో బడి వంట చేసే సంఘాలు ఎన్ని ఉన్నయో ఒక జాబితా తయారు చెయ్యాలె. బిల్లు పెట్టి 30 రోజులు దాటితే, ఆ బిల్లు నకలు చూసి సమాఖ్య నిధి నుంచి ఆ సంఘానికి చేబదులు ఇయ్యాలె, మిత్తి లేకుండా, బిల్లు పడంగనే తిరిగి కట్టే ఒప్పందం మీద. సర్కారు ఆలస్యం చేస్తే దాని భారం సమాఖ్య ఎందుకు మోయాలె అని ఏపీఎం సారు నిన్న మమ్మల్ని అడిగిండు. మోయొద్దు సారూ, నిజమే. గని ఇప్పుడు దాన్ని మోస్తున్నది నెలకు 200 పొదుపు చేసే మనిషి. సమాఖ్య మోస్తే, మండలం మొత్తానికి రావాల్సిన బాకీ ఎంతో ఒక్క కాయితం మీద కనబడతది. ఒక్క సంఘం పోయి ఆఫీసు ముందు నిలబడితే రేపు రమ్మంటరు. సమాఖ్య పేరు మీద ఆ కాయితం పోతే జిల్లాలో చదువుతరు.

తండా బడి సంగతి కూడా అదే కాయితంలో రాయాలె. 25 మంది లోపు పిల్లలున్న బడికి వంట చెరకు ఖర్చు తలకాయ లెక్కన కాకుండా రోజుకు ఇంత అని విడిగా ఇయ్యాలని అడుగుదాం. ఇస్తరో ఇయ్యరో, అడిగినట్టు అయితే ఉండాలె.

వంట చేసే సంఘాల లీడర్లు వచ్చే నెల సమావేశానికి మూడు నెలల బిల్లు నకళ్లు, బియ్యం స్టాకు రిజిస్టరు తెండి. తండా చెల్లెళ్లు కట్టెల ఖర్చు రోజువారీగా రాసి తెస్తమని చెప్పినరు. నకళ్లు లేనోళ్లు సిగ్గుపడి రాకుండ ఉండొద్దు, మాకూ లేకుండె.

రేపు మాకు గుడ్ల రోజు. నాలుగు ట్రేలు ఈ సాయంత్రం బస్సులనే తీసుకుపోవాలె, అందుకని భోజనాల దాకా ఉండలేం, ఏమనుకోకండి.