కారులో కాలిన వాసన

వాహనం నడిపేవారికి కన్నూ చెవీ ఎంత అవసరమో ముక్కు కూడా అంత అవసరమని మనం సాధారణంగా తలచము. ఎదురుగా వచ్చే లారీని కన్ను చూస్తుంది; దాని హారను చెవి వింటుంది. కాని మన కారులోనే, మోకాళ్ళకు జానెడు దూరంలో ఒక వైరు కాలుతూ ఉంటే, ఆ కబురు ముందుగా తెచ్చేది ముక్కే. ఆ కబురును ఒకసారి నేను ఇంచుమించు పెడచెవిని పెట్టాను. ఆ అనుభవాన్ని పురస్కరించుకొని నాలుగు మాటలు మనవి చేస్తాను.

వేటపాలెంలో 1918లో స్థాపితమైన సారస్వత నికేతన గ్రంథాలయాన్ని కుటుంబంతో దర్శించి, సాయంకాలం చీరాల మీదుగా విజయవాడకు తిరిగి వస్తున్నాము. చీకటి పడుతున్నదని దీపాలు వేశాను. కొంతసేపటికి ప్లాస్టిక్ కాలుతున్న ఘాటైన వాసన వచ్చింది. వెనుక సీటులో మా అమ్మగారు దగ్గనారంభించారు. ఎవరో దారిపక్కన చెత్త తగులబెట్టి ఉంటారనుకున్నాను. అద్దాలు పైకెత్తి, బయటిగాలి లోనికి రాకుండా మీట తిప్పాను. వాసన తగ్గవలసింది పోయి హెచ్చింది. అంటే అది బయటి పొగ కాదు, కారు లోపలిదే! వెంటనే బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, దీపాలు ఆర్పి, అందరినీ రోడ్డుకు దూరంగా దింపాను. కొద్ది నిమిషాలకు వాసన తగ్గింది.

చీరాల నుంచి వచ్చిన మెకానిక్కు ముందుగా ఏ భాగమూ విప్పలేదు. మూడు ప్రశ్నలు మాత్రం వేశాడు: వాసన ఎప్పుడు మొదలైంది? ఏ స్విచ్చి వేస్తే వచ్చింది? ఏది ఆపితే తగ్గింది?

రోగనిర్ణయమంతా ఈ మూడింటిలోనే ఉన్నది. రోడ్డు మీద ఎగిరే పాలిథీన్ సంచి ఒక్కొక్కప్పుడు కారు కింది పొగగొట్టానికి అంటుకుంటుంది. ఆ గొట్టం వేడి కొన్ని వందల డిగ్రీలకు చేరగలదు. పాలిథీన్ సంచి కరగడానికి 110 డిగ్రీల సెంటిగ్రేడు చాలు. గొట్టం చల్లారిన పిమ్మట గీకివేస్తే ఆ బాధ తీరుతుంది. ఏసీ ఫ్యాను వేగంతోపాటు వాసన హెచ్చుతగ్గులైతే, లోపం ఆ ఫ్యాను వైపు చూడవలె. ఒక చక్రం మాత్రమే విపరీతంగా వేడెక్కితే అది బ్రేకు పట్టివేయడం వల్ల. కొన్నాళ్ళు కదలక నిలిచి ఉన్న బండిలో ఎలుకలు వైర్లు కొరకడం పొలాల ఊళ్ళలో సామాన్యం. సముద్రతీరాన ఉప్పుగాలికి వైర్ల అతుకులు పచ్చగా చిలుము పట్టి వేడెక్కుతాయి.

మా కారులో వాసన దీపాలతో వచ్చింది, దీపాలతో పోయింది. మెకానిక్కు స్టీరింగు కింది తొడుగు విప్పాడు. దీపాల స్విచ్చి వెనుక వైర్లు కలిసే ప్లాస్టిక్ దిమ్మ నల్లబడి, కరిగి, వంగిపోయి ఉన్నది.

తప్పు నాదే. కొన్ని నెలల క్రితం, వెలుగు చాలడం లేదని, ఒక దుకాణంలో 60 వాట్ల బల్బులు తీయించి 100 వాట్లవి పెట్టించాను. 12 వోల్టుల బ్యాటరీ మీద 60 వాట్ల బల్బు 5 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. 100 వాట్లది 8 ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. తీగలో పుట్టే వేడి విద్యుత్తు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని జూల్ అనే శాస్త్రజ్ఞుడు 1840 ప్రాంతంలోనే తెలిపాడు. కనుక మా వైర్లలో వేడి రమారమి మూడింతలైంది. పైగా, ఒకసారి ఫ్యూజు పోతే, ఆ దుకాణంవారు 15 ఆంపియర్ల దాని స్థానంలో 30 ఆంపియర్లది గుచ్చారు. ఇక ఫ్యూజు పోలేదు. దానికి బదులు స్విచ్చి కరిగింది.

“ఫ్యూజు పోయిందని విసుక్కుంటారు గానీ సార్, అది పోవడానికే పెట్టిందండీ,” అన్నాడు మెకానిక్కు.

ఆ రాత్రికి ప్రయాణం వద్దని అతడు ఖండితంగా చెప్పాడు. చీరాలలోనే ఆగాము. మరునాడు కాలిన వైరును మెరిసే రాగి కనబడేదాకా కత్తిరించి, కొత్త స్విచ్చి, కొత్త దిమ్మ, పాత కొలత బల్బులు, 15 ఆంపియర్ల ఫ్యూజు అమర్చాడు. మా అమ్మగారు అంతా చూసి, “ఇన్నాళ్ళూ దీపాలు బాగా వెలుగుతున్నాయని సంతోషించావు గదరా!” అన్నారు. నేను బదులు చెప్పలేకపోయాను.

ఇటువంటి వాసన వచ్చినప్పుడు అద్దాలు దించండి. వైర్ల తొడుగు కాలిన పొగ ఊపిరితిత్తులకు హాని. బండి ఆపి, అందరూ దిగి, దూరంగా నిలవండి. బానెట్టు కింద నుంచి పొగ వస్తుంటే దానిని ఎత్తవద్దు. గాలి తగిలితే మంట లేస్తుంది. 101కి గాని 112కి గాని ఫోను చేయండి. పొగ లేక, అంతా చల్లారి ఉంటే, తెలిసినవారు బ్యాటరీ మైనస్ తీగను ఊడదీయవచ్చును. విద్యుత్తుతో నడిచే కార్లలో మాత్రం నారింజరంగు తొడుగు ఉన్న తీగలను ముట్టరాదు. ఫ్యూజు పోతే అదే అంకె గలది వేయండి; అదీ పోతే కారణం వెదకండి. అంతేగాని పెద్ద ఫ్యూజు గాని, రాగితీగ గాని, వెండికాగితం గాని పెట్టవద్దు.

కారులో అత్తరుబుడ్డి వేలాడదీయడం ఇప్పుడు పరిపాటి అయింది. సువాసన మంచిదే. కాని కాలిన వాసన వచ్చిన రోజున దానిని కప్పిపుచ్చడానికి ఆ బుడ్డిని వాడకండి. ముందు బండి ఆపండి. సెలవు.