అటక దులిపే ముందు

(ఉత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



తెలుగు ఉత్సవంలో కంప్యూటరు గురించి ఉపన్యాసమేమిటని కొందరు ఆశ్చర్యపడవచ్చు. మేము ఈ దేశంలో మూడవ తరము వారము. తెలుగు అక్షరాలు దిద్దుకున్నది కూడా సాయంకాలపు తరగతులలోనే. కనుక మా భాష సాదాగా ఉంటుంది. మేము చెప్పదలచిన సంగతి మాత్రం ప్రతి ఇంటికీ సంబంధించినదే.

ఉగాది వస్తున్నదంటే మన అవ్వలు ఇల్లు దులిపేవారు. అటక మీది సామానంతా కిందికి దించి, పనికిరానిది పారవేసి, ఇత్తడి గిన్నెలు తోమి మళ్లీ పైకెక్కించేవారు. ఏది చెత్తో, ఏది ఆస్తో వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. నేడు మన ఇళ్లలో కంటికి కనబడని అటక ఒకటి వెలసింది. దానినే క్లౌడ్ అంటున్నారు. పేరుకు మేఘమే గాని అది ఆకాశంలో లేదు. ఎక్కడో ఒక భవనంలో, వేరొకరి యంత్రాలలో మన ఫైళ్లు దాచబడి ఉంటాయి. మైక్రోసాఫ్ట్ వారు 2019లో జోహాన్నెస్‌బర్గ్‌లోను, కేప్‌టౌన్‌లోను అటువంటి కేంద్రాలు తెరిచారు.

ఈ అటకకు హద్దు ఉన్నది. గూగుల్ వారు ఉచితంగా ఇచ్చేది 15 గిగాబైట్లు. ఉత్తరాలు, ఫైళ్లు, ఫొటోలు మూడూ అందులోనే సర్దుకోవాలి. 2021 జూన్ 1 తరువాత పెట్టిన ఫొటోలు సాధారణంగా ఆ లెక్కలోకే వస్తాయి. వన్‌డ్రైవ్‌లోను, ఐక్లౌడ్‌లోను ఉచితంగా దొరికేది 5 గిగాబైట్లే. ఒకనాడు "స్థలం నిండినది" అని హెచ్చరిక వస్తుంది. కొత్త ఉత్తరాలు రావడం ఆగిపోవచ్చు. అప్పుడు ఇంట్లో ఎవరో విసుగుతో ఫోల్డరు మొత్తం ఎంచుకొని డిలీట్ నొక్కుతారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది.

ఎందుకంటే మనలో చాలామందికి తెలియని విషయం ఒకటున్నది. ఇంటి కంప్యూటరులో కనబడే క్లౌడ్ ఫోల్డరు వేరొక ప్రతి కాదు, అదే వస్తువు. ఇక్కడ తీసివేస్తే అక్కడా పోతుంది, దానికి కలిపిన ఫోనులోనూ పోతుంది. కంప్యూటరులో మాత్రమే చోటు కావలసి వస్తే డిలీట్ నొక్కకూడదు. వన్‌డ్రైవ్‌లో అయితే ఫైలు మీద కుడి బటన్ నొక్కి "ఫ్రీ అప్ స్పేస్" అన్నది ఎంచుకోవాలి. అప్పుడు ఫైలు క్లౌడ్‌లో భద్రంగా ఉంటుంది, ఇంట్లో దాని గుర్తు మాత్రం మిగులుతుంది.

మా తరగతికి వచ్చే ఒక కుటుంబంలో జరిగిన సంగతి చెబుతాము. పాత ఫైళ్లు ఎందుకని మనవడు కంప్యూటరులో ఒక ఫోల్డరు తీసివేశాడు. మూడు వారాల తరువాత వేరే ఇంట్లో ఉన్న మేనత్త తన ఫోను తెరిచి చూస్తే, అవ్వ పాడిన జోలపాటలు లేవు. అవ్వ అప్పటికి కాలం చేసి రెండేళ్లయింది. ఆ పాటలు ఆ ఇంట్లో వేరెవరికీ రావు. అదృష్టవశాత్తు బిన్ గడువు ఇంకా వారం మిగిలి ఉన్నది. పాటలు తిరిగి దొరికాయి. ఆమె ఇంకొక పది రోజులు ఆలస్యంగా చూచి ఉంటే దొరికేవి కావు.

కనుక గడువులు గుర్తుంచుకోండి. గూగుల్ డ్రైవ్ బిన్‌లోను, సొంత వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లోను వస్తువు 30 రోజులు ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లో క్లౌడ్‌కు చేరిన ఫొటో 60 రోజులు ఉంటుంది. ఆ తరువాత దానంతట అదే చెరిగిపోతుంది. గూగుల్‌లో బిన్ ఖాళీ చేసేదాకా స్థలం తిరిగి రాదు. అందుకని తొందరపడి అదే రోజు ఖాళీ చేయకండి. ఒక వారం ఆగి, ఇంటిల్లిపాదినీ అడిగి, అప్పుడు చేయండి.

మరి తీసివేయవలసినవి ఏవి? మొదట పెద్ద వీడియోలు చూడండి. గూగుల్ స్టోరేజ్ పేజీలో ఫైళ్లు పరిమాణం ప్రకారం వరుసగా కనబడతాయి. పది నిమిషాల పనితో ఎంతో చోటు దొరుకుతుంది. తరువాత వాట్సాప్‌లో ప్రతి ఉదయం వచ్చే గులాబీలు, దీపాలు, శుభోదయాలు. ప్రేమతో పంపినవే గాని దాచవలసినవి కావు. ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ బ్యాకప్ కూడా గూగుల్ లెక్కలోనే పడుతుంది. ఆ పైన ఒకే ఫొటోకు ఉన్న నాలుగు నకళ్లు. ఇక్కడ ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో ప్రయాణం చేసిన ఫొటో సాధారణంగా కుదించుకుపోతుంది. నకళ్లలో పరిమాణం పెద్దగా ఉన్నదే ఉంచి, చిన్నవి తీసివేయండి.

తీసివేయకూడనివి ఏవో చెప్పాలంటే మన చరిత్ర చెప్పాలి. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. 1911 వరకు లక్షన్నరకు పైగా మనుషులు కూలి ఒప్పందం మీద నాటాలుకు వచ్చారు. ఓడ జాబితాలలో ప్రతి మనిషికీ ఒక సంఖ్య, తండ్రి పేరు, జిల్లా, గ్రామము వ్రాసి ఉన్నాయి. మన కుటుంబాలు ఎంతో శ్రమపడి ఆ పుటల నకళ్లు సంపాదించుకున్నాయి. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం మూలంగా కేటో మేనర్ వంటి చోట్ల నుండి చాట్స్‌వర్త్‌కు తరలిపోయినప్పుడు ఎన్ని పెట్టెలు పోయాయో! 2022 ఏప్రిల్ వరదలలో నాలుగు వందల మందికి పైగా ప్రాణాలు పోయాయి, ఇళ్లతోపాటు ఆల్బములు కూడా కొట్టుకుపోయాయి. అటువంటి ఇంటికి క్లౌడ్‌లోని స్కాన్ ఒక్కటే మిగిలిన కాగితం కావచ్చు.

కాని ఆ స్కాన్ మీద పేరేమున్నది? కెమెరా ఇచ్చిన అంకె మాత్రమే. పేరు లేని ఫైలే మొదట చెత్తలోకి పోతుంది. కనుక దులపడానికి ముందు పేర్లు పెట్టండి. ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఓడ సంఖ్య ఏమిటి అని వ్రాయండి. ఫొటోలోని ముఖాలు గుర్తుపట్టగల పెద్దలు మన మధ్య ఉన్నప్పుడే వారిని పక్కన కూర్చోబెట్టుకొని అడగండి. ఏది పెద్దదో, ఏది పాతదో యంత్రం చెబుతుంది. ఏది ఆఖరిదో మాత్రం యంత్రానికి తెలియదు, మనమే చెప్పాలి.

పేరు పెట్టిన వాటిని వేరొక డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కును వేరే ఊరిలో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. సంకేతపదం ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ వారు తీసివేయవచ్చు. తాతగారు పోయిన తరువాత వారి ఖాతా మూగబోతే, అందులోని ఫొటోలకూ అదే గతి పడుతుంది.

యువకులకు మా మనవి. వేళ్ల చురుకుదనం మీది, జ్ఞాపకం పెద్దలది. ఒక ఆదివారం ఇద్దరూ కలిసి ఆ పెట్టె ముందు కూర్చోండి. సగం చెత్త పోతుంది. మిగిలిన సగానికి తెలుగులో పేర్లు పడతాయి. మా తరగతిలో నేర్చిన అక్షరాలకు అంతకంటె మంచి ఉపయోగం మాకు తోచడం లేదు.